వదిన పేరున ఒక రోజు

“ఒక్కటే నియమం ఆంటీ. ఇవాళ పడుకునేదాకా మా టీచరు గారిని తలుచుకోకూడదు.”

ట్రాము దిగుతుండగా సలోమి ఈ మాట అంది. త్రిపురసుందరి ఒక కాలు ట్రాము మెట్టు మీద, ఇంకో కాలు ప్రాగ్ నగరపు రాళ్ళ వీధి మీద ఉంచి అలాగే ఆగిపోయింది. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్న వైద్యుడి కథ ఆవిడ చిన్నప్పుడే విన్నది. పాపం ఆ రోగి జన్మలో ఆ మందు తాగలేకపోయాడు.

“వదిన కోసం ఇంత దూరం వచ్చి, వదినని తలుచుకోవద్దంటే ఎలాగమ్మా?”

“ఆవిడ కోసమే ఆంటీ. మీరు తలుచుకుంటే ఆవిడకి సరిగ్గా అందదు.”

వెనక దిగేవాళ్ళు ఓపిగ్గా నిలబడి ఉన్నారు. త్రిపుర రెండో కాలు కూడా కిందపెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చెవి వెనక ఒకసారి తడుముకుంది. పొద్దున్నే సలోమి అక్కడొక బిళ్ళ అంటించింది. బొట్టుబిళ్ళకన్నా కాస్త పెద్దది, అంతే.

సలోమిది కాకినాడ జగన్నాథపురం. బళ్ళో రాజ్యలక్ష్మి టీచరు దగ్గర సోషలు చదువుకుంది. ఇప్పుడు ప్రాగ్‌లో జ్ఞాపకాల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో పనిచేస్తోంది. ఆ పిల్ల కనిపెట్టిన సంగతి చెప్పడం తేలికే, నమ్మడమే కష్టం. ఒక మనిషి గడిపిన రోజును, ఆ మనిషి నిద్రలో ఉండగా తీసి, ఈ బిళ్ళలోకి ఎక్కించి, ఇంకొకరికి ఇవ్వచ్చు. పుచ్చుకున్నవాళ్ళకు ఆ రోజు తామే గడిపినట్టు ఉంటుంది. చూసిన చూపు, తిన్న రుచి, నడిచిన కాళ్ళ నొప్పి, అన్నీ వెళతాయి. ఇచ్చినవాళ్ళకు మాత్రం ఇక ఆ రోజు ఉండదు. నకలు తీయడం ఇంకా ఎవరికీ చేతకాలేదు. ఒక కంచంలో అన్నం ఇంకో కంచంలో వడ్డించినట్టే, ఇక్కడ ఖాళీ అయితేనే అక్కడ నిండుతుంది.

అక్కడ నిండవలసిన కంచం రాజ్యలక్ష్మిది. త్రిపుర అన్నగారి భార్య. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఐరోపా నదులన్నీ నల్లబల్ల మీద చూడకుండా గీసిన మనిషి, తను మాత్రం అన్నవరం దాటి చూసింది తక్కువ. రిటైరయ్యాక ఊళ్ళు తిరుగుదామని సూట్‌కేసు కొనుక్కుంది. ఆ ఏడే విషజ్వరం వచ్చి, లోపలి చెవిలో ఒంటిని నిలబెట్టే నరం దెబ్బతిన్నది. అప్పట్నుంచి ఆటో ఎక్కితే చాలు, భూమి గిర్రున తిరిగి వాంతులవుతాయి. ఉయ్యాలబల్ల మీద కూర్చోవడం కూడా మానేసింది. సూట్‌కేసులో ఇప్పుడు రగ్గులు దాస్తున్నారు. గదిలో గోడకు మాత్రం ఒక పాత క్యాలెండరు కాగితం అలాగే ఉంది. ఏడాది మారినా దాన్ని తీయనివ్వలేదు. అందులో ఒక నది, నది మీద రాతి వంతెన, వంతెనకు రెండు పక్కలా బొమ్మలు. ఆ వంతెన ప్రాగ్‌లోది.

అన్నగారు పోయాక వదినా ఆడపడుచూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. త్రిపుర పెళ్ళి చేసుకోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ ఒకరికొకరికి కలిపింది. తనకంటూ ఎక్కడికీ ఫోను చేసుకోవలసిన పని పడలేదని నవ్వుతూ చెబుతుంది. సలోమి సెలవుల్లో ఇంటికొచ్చి ఈ ప్రయోగం గురించి చెప్పి, “టీచరు గారి కోసం ఎవరైనా ఒక రోజు ఇవ్వాలి” అన్నప్పుడు, త్రిపుర కూర తరుగుతూ తల ఎత్తకుండానే ఒప్పుకుంది.

“రోజే కదా. నా దగ్గర బోలెడున్నాయి” అంది.

*

కోట పెద్దది. గుమ్మం దగ్గర కదలకుండా నిలబడ్డ సిపాయిని చూసి త్రిపుర, వీడికి దోమ కుడితే ఎలాగో అనుకుంది. రంగు రంగు అద్దాల కిటికీలున్న చర్చిలో మెడ పట్టేసేదాకా పైకి చూసింది. దాని వెనక ఒక సన్నటి సందు. సందు పొడుగునా పసుపు, నీలం, గులాబి రంగుల బుల్లి ఇళ్ళు. గుమ్మాలు ఎంత పొట్టివంటే త్రిపుర అంత పొట్టిమనిషి కూడా వంగి దూరాలి. బొమ్మలకొలువులో పెట్టడానికి చేసిన ఇళ్ళలో నిజంగా మనుషులు కాపురమున్నారంటే ఆవిడకు ముచ్చటేసింది. ఒక వంటగదిలో పొయ్యి చూసి, “మా వదినైతే ఈ గట్టు మీద సామాను అంతా ఇటు జరిపేసేది” అంది.

సలోమి చేతిలో ఉన్న చిన్న పెట్టె గుర్రుమంది.

“ఏంటది?”

“మీరు టీచరు గారిని తలుచుకున్నారని చెప్తోంది.”

“అయ్యో. పొరపాటైందమ్మా. ఇంక తలుచుకోను.”

తలుచుకోనని చెప్పాలంటే ముందు తలుచుకోవాలి కదా. పెట్టె మళ్ళీ గుర్రుమంది. సలోమి నవ్వు ఆపుకుంటూ కారణం చెప్పింది. ఆ రోజులో రాజ్యలక్ష్మి గారి రూపం, పేరు కనబడితే, పుచ్చుకునేటప్పుడు ఆవిడ తనను తాను బయటినుంచి చూసుకోవలసి వస్తుంది. అప్పుడు మనసు ‘ఇది నాది కాదు, ఎవరిదో’ అని తేల్చేస్తుంది. అతుకు కనిపిస్తుందన్నమాట. కనిపించకుండా కుదిరితేనే ఆవిడకు తానే ప్రాగ్ వెళ్ళొచ్చినట్టుంటుంది.

“ఒక్కసారే తీయగలం ఆంటీ. పాడైతే మళ్ళీ తీయడానికి మీలో ఈ రోజు ఉండదు.”

త్రిపుర గంభీరంగా తలూపింది. కోట కొండ దిగేదాకా నిజంగానే మనసును గట్టిగా పట్టుకుంది. మెట్ల దారి పక్క ఎర్ర పెంకుల కప్పులు కిందికంటా పరుచుకుని ఉన్నాయి. ఎక్కడో గంట మోగుతోంది. చొక్కా గుండీలు తీసేసుకుని ఎండ కాగుతున్న మనుషులు ఆవిడ చీరకేసి చూసి నవ్వారు. ఆవిడా నవ్వింది. ఎవరూ ఏమీ అడగకుండా ఊరికే నవ్వుకోవడం బాగుందనిపించింది.

కొండ కింద బాల యేసు గుడికి తీసుకెళ్ళింది సలోమి. తన ప్రార్థన తను చేసుకుంటూ ఉంటే, త్రిపుర ఆ మూరెడు బొమ్మనే కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది. ఆకుపచ్చ పట్టు అంగీ, నెత్తిన కిరీటం. పై అంతస్తులో బీరువాల నిండా ఆయన బట్టలున్నాయి. దేశదేశాల భక్తులు కుట్టించి పంపినవట. పండక్కొకటి, కాలానికొకటి మారుస్తారట.

“అయితే అలంకారం వీళ్ళకీ ఉందన్నమాట” అని త్రిపుర సంబరపడిపోయింది. వెంటనే కిందికి వెళ్ళి రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపింది. పెట్టె గుర్రుమంది. ఆగి మళ్ళీ గుర్రుమంది.

“ఆంటీ.”

“దణ్ణం పెట్టుకుంటన్నానమ్మా.”

“ఎవరి పేరున?”

త్రిపుర జోడించిన చేతులు దించలేదు. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. ఊరికెళ్ళేవాళ్ళతో “నా పేరున కూడా ఒక దణ్ణం పెట్టు” అని చెప్పి పంపే ఊళ్ళో పుట్టింది. పుష్కరాలకు రాజమండ్రి వెళ్ళినప్పుడు రాలేనివాళ్ళందరి పేర్లూ ఒక్కొక్కటే పైకి చెప్పి ఒక్కొక్క మునక వేసింది. వదిన పేరున మాత్రం మూడు వేసింది. వెళ్ళలేని మనిషి పేరు చెప్పకుండా దేవుడి ముందు చేతులు జోడించడం ఆవిడ చేతులకే రాదు.

*

తర్వాత వంతెన వచ్చింది. దాన్ని చూడగానే త్రిపుర అడుగు ఆగిపోయింది. క్యాలెండరు కాగితం అంచు దగ్గర చెద తిన్న చోట ఏముంటుందో ఇన్నాళ్ళకు తెలిసింది. అక్కడొక బురుజు ఉంది. పెట్టె గుర్రుమంటూనే ఉంది. సలోమి ఇక చెప్పడం మానేసింది.

వంతెన మీద ఒక ముని విగ్రహం కింద ఇత్తడి పలక ఉంది. అక్కడ చెయ్యి పెట్టినవాళ్ళు ఈ ఊరికి మళ్ళీ వస్తారని అందరూ అంటారట. చేతులు తగిలి తగిలి ఆ పలక మన గుళ్ళో గడప మీది ఇత్తడిలా మెరుస్తోంది. వరుసలో నిలబడి, తన వంతు రాగానే త్రిపుర అరచెయ్యి ఆనించి, “మా వదిన రాజ్యలక్ష్మి పేరున” అని ఏమాత్రం దాచుకోకుండా పైకే చెప్పింది. వెనకనున్న ఆయన ఏ భాషవాడో గాని, మంత్రమనుకుని తనూ చెయ్యి పెట్టి ఏదో గొణిగాడు.

పాత ఊరి కూడలిలో గడియారం కింద జనం గుమిగూడి ఉన్నారు. గంట కొట్టే వేళయింది. పైన చిన్న తలుపులు తెరుచుకుని సాధువుల బొమ్మలు ఒకరి వెనక ఒకరు వచ్చి చూసి వెళుతున్నారు. కింద ఒక అస్థిపంజరం గంట తాడు లాగుతూ తలూపుతోంది, ‘పదండి, వేళయింది’ అన్నట్టు. పక్కనున్న బొమ్మలు అడ్డంగా తలలూపుతున్నాయి.

“రామంటన్నారు” అంది త్రిపుర. “ఎవరొస్తారమ్మా ఇంత మంచి ఎండ వదిలేసి.”

చివర్న పైనున్న బంగారు కోడి ఊపిరందని గొంతుతో కూసింది. జనమంతా చప్పట్లు కొట్టారు. కోడికి చప్పట్లేంటని త్రిపుర పకపకా నవ్వింది.

భోజనానికి ఆవిరి మీద ఉడికించిన పిండి ముక్కలు, పుట్టగొడుగుల పులుసు వచ్చాయి. త్రిపుర ఒక ముక్క నోట్లో పెట్టుకుని, “కుడుమే. ఉప్పు మర్చిపోయారు” అని తీర్పు చెప్పి, సంచిలోంచి ఆవకాయ సీసా తీసింది. వడ్డించిన అమ్మాయి వింతగా చూస్తుంటే ఆమెకూ ఒక ముక్క అంచున రాసి ఇచ్చింది. ఆ అమ్మాయి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. వెళ్ళి వంటాయన్ని కూడా పిలుచుకొచ్చింది.

ఆ తర్వాత జరిగింది సలోమి కూడా ఊహించనిది. కూడలిలో ఒక మూల నలుగురు వాయిద్యాలవాళ్ళు పాట ఎత్తుకున్నారు. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన ఒక్కడే ఆడుతున్నాడు. త్రిపుర కాలు దానంతటదే తాళం వేయడం ఆయన చూశాడు. టోపీ తీసి, వంగి, చెయ్యి చాచాడు. ఆవిడ సిగ్గుపడి వెనక్కి తగ్గింది. డోలు వాయించేవాడు నవ్వుతూ తన దగ్గరున్న అదనపు పుల్లలు తీసి ఆవిడకు అందించాడు, కనీసం తాళమైనా వేయమని.

చేతిలోకి రెండు పుల్లలు రాగానే, బళ్ళో చదివేటప్పుడు నేర్చిన కోలాటం ఎక్కణ్ణించి వచ్చిందో వచ్చేసింది. ముసలాయన తన చేతికర్ర అడ్డం పెట్టాడు. ఆవిడ దాని మీద పుల్ల వేసి, తిరిగి, మళ్ళీ వేసింది. పాట జోరందుకుంది. పిల్లలు చుట్టూ చేరారు. త్రిపుర పైట నడుముకు దోపుకుని గిర్రున తిరిగింది. గోపురాలు, గడియారం, జెండాలు, నీలం ఆకాశం, అన్నీ ఆవిడతో పాటు తిరిగాయి. మేనకోడలి పెళ్ళి ఊరేగింపులో కూడా ఒక్క అడుగు వేయని మనిషి, అరవై దాటాక ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య చెమటలు పట్టేదాకా ఆడింది. ఒళ్ళంతా సంతోషంగా ఉంది. అంత సంతోషం తనలో పట్టే చోటుందని ఆవిడకు ఇన్నాళ్ళూ తెలియదు.

సలోమి పెట్టెకేసి చూసింది. అది చప్పుడు చేయడం లేదు.

*

పొద్దు వాలుతుండగా ఇద్దరూ నది ఒడ్డున బల్ల మీద కూర్చున్నారు. చేతిలో నిప్పుల మీద కాల్చిన పిండిచుట్ట, దాని మీద దాల్చినచెక్క కలిపిన పంచదార. మెట్ల దగ్గరకు హంసలు వచ్చాయి. త్రిపుర చెప్పులు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టి, దోసెడు నీళ్ళు నెత్తిన చల్లుకుని వచ్చింది. ఎవరి పేరున చల్లుకుందో చెప్పనక్కర్లేదు.

సలోమి పెట్టె పక్కన పెట్టి, ఆవిడ వైపు తిరిగింది.

“ఆంటీ, ఉన్నమాట చెప్తాను. ఈ రోజు నిండా టీచరు గారే ఉన్నారు. అతుకు కుదరదు. ఇస్తే ఆవిడకి తను వెళ్ళినట్టు ఉండదు.”

“మరి?”

“ఇవ్వకండి. మీరే ఉంచుకోండి. ఇంటికెళ్ళి నోటితో చెప్పండి. ఆవిడ దానికే సంతోషిస్తారు. నాకూ అదే నయమనిపిస్తోంది.”

ఎందుకు నయమో కూడా చెప్పింది. ఇంతకుముందు మిలోష్ అనే పెద్దాయన మంచంపట్టిన భార్యకు సముద్రం దగ్గర గడిపిన ఒక రోజు ఇచ్చాడు. అతుకు చక్కగా కుదిరింది. అందరూ సలోమిని మెచ్చుకున్నారు. ఇప్పుడా భార్య తానే సముద్రానికి వెళ్ళొచ్చానంటుంది. నువ్వు రాలేదుగా, నీకేం తెలుసు అంటుంది. ఆయన అప్పుడప్పుడు ప్రయోగశాలకు వచ్చి ఒకటే అడుగుతాడు: ‘ఆ రోజు నేను సంతోషంగా ఉన్నానా?’ అని. సలోమి ఆయన వెంట వెళ్ళలేదు. జవాబు తెలియదు. అందుకే ఈసారి పట్టుబట్టి తానే వెంట వచ్చింది.

త్రిపుర నదికేసి చూస్తూ కూర్చుంది. ఉంచుకోవచ్చు అన్న మాట వినగానే గుండె గంతేసింది. ఆ గంతు ఆవిడకే సిగ్గనిపించింది. కానీ దాచుకుంటే దాగేది కాదు. ఈ రోజు కావాలి. ఆ కోడి కూత, ఆ పుల్లల చప్పుడు, ఆవకాయ తిని కళ్ళ నీళ్ళు పెట్టుకున్న పిల్ల, ఇవన్నీ తనకు కావాలి. కాకినాడలో వేసవి మధ్యాహ్నాలు కరెంటు పోయినప్పుడు విసనకర్ర ఊపుకుంటూ తలుచుకోవడానికి తన దగ్గర ఇలాంటిది ఒక్కటి కూడా లేదు. ఉన్నాయనుకున్న బోలెడు రోజుల్లో ఇలాంటి రోజు లేదు. ఇచ్చేస్తే, రేపు పొద్దున్న తను కోలాటం ఆడినట్టు తనకే తెలియదు. ఆవిడకు ఏడుపొచ్చింది. పంచదార చేతులతోనే కళ్ళు తుడుచుకుంది.

పోనీ ఉంచేసుకుంటే తప్పేమిటి? సలోమే చెబుతోంది, అతకదని. వదిన ఒక్క మాట కూడా అనదు. పైగా ‘మంచి పని చేశావే’ అంటుంది. ఆ మాట గొంతుతో సహా వినిపించింది. పెట్టె చిన్నగా గుర్రుమంది.

త్రిపుర లేచి, కొంగు దులుపుకుంది.

“ఇచ్చేద్దాంలే అమ్మా.”

“అతకదని చెప్పాను కదాంటీ.”

“అతక్కపోతే పోనీ. పొద్దున్నించి అన్ని చోట్లా వదిన పేరే చెప్పాను. పుష్కరాల్లో ములిగింది నేనే, చలేసింది నాకే. అయినా ఎవరి పేరున ములిగితే ఆ పుణ్యం వాళ్ళది. ఇంటికెళ్ళి, ఆ మునక నేనే ఉంచేసుకున్నాను అంటే బావుంటుందా?”

సలోమి పెట్టె చేతిలోకి తీసుకుంది. ఇద్దరూ మళ్ళీ వంతెన ఎక్కారు. దీపాలు ఇంకా వెలగలేదు. ఇత్తడి పలక దగ్గర ఇప్పుడెవరూ లేరు. త్రిపుర దాటి నాలుగడుగులు వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చి, అరచెయ్యి మరోసారి ఆనించింది. ఈసారి పెదాలు కదలలేదు. సలోమి పెట్టెకేసి చూసింది. చప్పుడు లేదు.

*

మర్నాడు నిద్రలేచేసరికి త్రిపురకు విమానం దిగి సలోమి ఇంట్లో పడుకోవడం వరకే తెలుసు. మడమ మీద పొక్కు ఉంది. ఆవకాయ సీసా సగానికి వచ్చింది. కొంగు అంచున పంచదార పలుకులు అంటుకుని ఉన్నాయి.

“అయిపోయిందా?” అంది.

“అయిపోయింది ఆంటీ.”

“ఏం చేశానేంటి?”

“డాన్సు చేశారు.”

“నేనా? ఎవరికి చెప్తావమ్మా” అని త్రిపుర కొట్టిపారేసింది. కిటికీలోంచి దూరాన గోపురాలు కనిపిస్తున్నాయి. అవి ఎవరో చెప్పిన ఊరులా ఉన్నాయి. లోపల ఏదో చోట వెలితిగా అనిపించింది గాని, ఏం పోయిందో తెలియకపోతే దేనికని బాధపడాలి?

సలోమి సెలవు పెట్టి తనూ కాకినాడ వచ్చింది. భోజనాలయ్యాక రాజ్యలక్ష్మి చెవి వెనక బిళ్ళ అంటించి పడుకోబెట్టారు. ఆవిడ నిద్రపోతున్నంతసేపూ త్రిపుర గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని, ఎవరూ తలుపు కొట్టకుండా కాపలా కాసింది. సాయంత్రం కాఫీ వేళకు రాజ్యలక్ష్మి కళ్ళు తెరిచింది. పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయింది.

సలోమి మెల్లిగా అడిగింది. ఇది పరీక్షలో మొదటి ప్రశ్న.

“టీచరు గారూ, ప్రాగ్ ఎవరు వెళ్ళారండీ?”

“ఎవరేంటి, త్రిపుర వెళ్ళింది.”

సలోమి ముఖం వాలిపోయింది. అతకలేదు. త్రిపుర గుమ్మం దగ్గర్నుంచి లేచి వచ్చి, “పాడైపోయిందా అమ్మా?” అంది భయంగా. ఉన్న ఒక్క రోజూ ఇటు తనకూ లేక, అటు వదినకూ లేక పోయిందేమోనని సలోమి భుజం పట్టుకుంది.

రాజ్యలక్ష్మి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే లేచి కూర్చుంది.

“పాడవడమేంటే. ఊరంతా నా పేరు చెప్పుకుంటా తిరిగేవు. గుళ్ళో నేనే, వంతెన మీద నేనే. ఆఖరికి ఎవరిదో వంటగట్టు మీద కూడా నన్ను నించోబెట్టేవు. అక్కడ నేనే సామాను సర్దుతానంట.”

“అన్నానా?”

“అన్నావు. నువ్వు చూసిందంతా చూసేను. కానీ నీ కళ్ళతోనే చూసేనని తెలుస్తానే ఉంది. సలోమీ, ఇది పాడవడం కాదే. నేను ఒక్కదాన్నే వెళ్ళుంటే ఇంత బావుండేది కాదు.” ఆవిడ త్రిపుర చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. “గిర్రున తిరిగేవే. చేతుల్లో పుల్లలుచ్చుకుని, పిల్లల మధ్య. గోపురాలన్నీ తిరిగిపోయేయి. నా తల తిరగలేదే. ఎన్నేళ్ళైందో తెలుసా, నాకు భూమి తిరగడమంటే సరదా వేసి?”

ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వూ ఆగడం లేదు. త్రిపురకు ఒక్కటే అడగాలనిపించింది.

“బావుందా వదినా? నాకెలా ఉంది?”

“ఆ ఎండలో, ఆ కోడి కూతకి, నువ్వు నవ్విన నవ్వు నాకిప్పుడు కూడా కడుపులో కదులుతోంది. అంత సంతోషపడ్డావు.”

సలోమి పెట్టె మూసేసి, నేల మీద కూర్చుండిపోయింది. మిలోష్ గారు గుర్తొచ్చారు. ఆయనకు కుదిరిన అతుకును ఇక విప్పలేదు. కానీ వెళ్ళగానే ఆయన్ని సముద్రానికి తీసుకెళ్ళాలి, ఈసారి తను కూడా వెంట ఉండాలి అనుకుంది. తలుచుకోకూడదన్న ఆ ఒక్క నియమాన్ని కూడా కొట్టేయాలి.

కాఫీలు వచ్చాయి. రాజ్యలక్ష్మి పాఠం చెప్పినట్టు వరుసగా చెబుతుంటే, త్రిపుర తన రోజును తను నోరు తెరుచుకుని వింది. సిపాయీ దోమా దగ్గర నవ్వింది. కోలాటం దగ్గర నమ్మలేదు. సలోమి సాక్ష్యం చెబితే అప్పుడు నమ్మింది. కథ నది ఒడ్డున బల్ల దగ్గరకు వచ్చేసరికి రాజ్యలక్ష్మి గ్లాసు కింద పెట్టింది.

“అక్కడ నీకో బుద్ధి పుట్టింది.”

“ఏం బుద్ధి?”

“ఈ రోజు నాకివ్వకుండా నువ్వే ఉంచేసుకుందామని.”

త్రిపుర ముఖం ఎర్రబడిపోయింది. “ఛ. నేనెందుకు అనుకుంటాను వదినా? నీ కోసమే కదా వెళ్ళేను.”

“అనుకున్నావు. గట్టిగానే అనుకున్నావు. ఏడ్చేవు కూడా.” రాజ్యలక్ష్మి ఆ చెయ్యి వదల్లేదు. “ఆ ఊళ్ళో వంతెన బావుంది, గడియారం బావుంది. అన్నిటికంటే నాకు అదే బావుందే. నేను కాపురానికొచ్చినప్పట్నించి చూస్తన్నాను నిన్ను. నాకిది కావాలి అని నువ్వు దేన్నైనా అనుకోగా చూడటం ఇదే మొదలు. అంత కావాలనుకుని కూడా, అది తెచ్చి నా చేతిలో పెట్టేవు.”

త్రిపురకు ఏమీ గుర్తులేదు. కాఫీ గ్లాసులన్నీ ఒక దాంట్లో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది.

“అవి అక్కడ పెట్టు. ఇంకా అవలేదు” అంది రాజ్యలక్ష్మి. “వచ్చేటప్పుడు వంతెన మీద ఆ ఇత్తడి పలకకి మళ్ళీ చెయ్యి పెట్టేవు. దాని మీద చెయ్యేసినవాళ్ళు మళ్ళీ ఆ ఊరెళ్తారంట.”

“నీ పేరున పెట్టుంటాను.”

“పొద్దున్న పెట్టింది నా పేరున. అది సరే, నేను వెళ్ళొచ్చేసినట్టే. సాయంత్రం పెట్టినప్పుడు నా పేరు చెప్పలేదు. ఎవరి పేరూ చెప్పలేదు.”

సలోమి అవునన్నట్టు తలూపింది. త్రిపుర తన కుడి అరచెయ్యి విప్పి చూసుకుంది. అందులో ఏమీ లేదు, పొద్దున్న కందిపొడి దంచినప్పటి ఎరుపు తప్ప.

“ఆ సూట్‌కేసులో రగ్గులు తీసేసి ఎండలో పెట్టు” అంది రాజ్యలక్ష్మి. “ఈసారి తెచ్చిన రోజు నాకక్కర్లేదు. నువ్వే ఉంచుకో.”

త్రిపుర గ్లాసులు అక్కడే వదిలేసి, రగ్గులు తీయడానికి లోపలికి వెళ్ళింది.